కొప్పుల సంగతి సరే, మినిట్స్ ఎవురు రాస్తారు సామీ?

మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ గారి దగ్గర ఒక సామెత ఉండాది. మీటింగులో ఏ ఇద్దరు ఆడోళ్ళు వరసగా నోరు తెరిచినా ఠక్కున బయటికి తీస్తాడు. "మూడు కొప్పులు ఒకచోట చేరితే పట్టపగలే చుక్కలు పొడుస్తాయని పెద్దోళ్ళు ఊరికే అన్లేదమ్మా." చుట్టూ కూర్చున్న మగమహారాజులు అప్పుడే మొదటిసారి విన్నట్టు పగలబడి నవ్వుతారు. ఇది నెలనెలా జరిగే తంతు, నెల్లూరులో మీరు ఏ అపార్ట్‌మెంట్‌లో ఉన్నా మీకూ ఇట్టాంటి ప్రెసిడెంట్ ఒకాయన ఉండే ఉంటాడు కాబట్టి ఎక్కువ వర్ణించబల్లేదు.

సరే, పెద్దాయన మాట, గౌరవంగా పరిశీలిద్దాం. ఆడోళ్ళు కలిసి పని చెయ్యలేరు గనక మా కమిటీలో అయిదుగురూ మగాళ్ళే. ఆ ఐకమత్యం చూసి తరించాలంటే పోయిన ఆదివారం మా సెల్లార్‌లో ఉండాల్సింది మీరు. ఎజెండా ఒక్కటే, సంపు మోటారు కాలిపోయింది. సెక్రటరీ గారు కొత్తది కొనాలంటాడు, ట్రెజరర్ గారు రీవైండింగ్ చేయిస్తే చాలంటాడు, ఆ రీవైండింగ్ షాపు ట్రెజరర్ గారి తోడల్లుడిదే కదా అని వైస్ ప్రెసిడెంట్ గారు గుర్తు చేస్తాడు, దాంతో ట్రెజరర్ గారు లెక్కల పుస్తకం కుర్చీ మీద కొట్టి నేను రాజీనామా అంటాడు, ప్రెసిడెంట్ గారు బుజ్జగిస్తాడు, ఈలోపల టీలొస్తాయి, టీ తాగతా తాగతా అయిదు హార్స్‌పవరా ఏడున్నరా అనే చర్చ మొదలై అది కాస్తా పెన్నకి వరదొచ్చినప్పుడు ఎవురు ఎంత ధైర్యంగా నిలబడ్డారు అనే కాడికి పోతాది. 302లో ఉండే అక్క మధ్యలో "రెండు షాపుల్లో కొటేషన్ తెప్పించి చూద్దామండీ" అంటే ఎవురికీ వినపళ్ళా. పది నిమిషాల తర్వాత అదే మాట వైస్ ప్రెసిడెంట్ గారు అంటే మాత్రం "భలే చెప్పారు" అన్నారు.

అసలు ఘట్టం అప్పుడొచ్చింది. "ఈ రోజు అనుకున్నవి ఎవురన్నా మినిట్స్ పుస్తకంలో రాసి, ఇంటింటికీ పోయి డబ్బులు వసూలు చేస్తే బాగుండు" అన్నాడు ప్రెసిడెంట్ గారు. దెబ్బకి అయిదుగురికీ మాట పడిపోయింది. సెక్రటరీ గారు ఫోన్ తీసి ఆఫ్ అయిన స్క్రీన్‌నే శ్రద్ధగా చదవతా ఉండాడు. ట్రెజరర్ గారు, అంటే వసూళ్ళ కోసమే మనం ఎన్నుకున్న మనిషి, చెప్పు పట్టీ సర్దుకుంటా ఉండాడు, ఆయన చెప్పుకి పట్టీ లేదు. ఒకరెనక ఒకరుగా అందరి చూపులూ 302 అక్క మీదకి తిరిగినాయి. "మీ చేతిరాత ముత్యాల్లా ఉంటదమ్మా" అన్నాడు ప్రెసిడెంట్ గారు. బ్యాంకులో పొద్దస్తమానం లెక్కలు చూసి ఏడింటికి ఇంటికొచ్చే మనిషి, పుస్తకం తీసుకుంది.

ఈ ముత్యాల గోల మనకే కాదు, అమెరికాలో కూడా ఉందంట. లిండా బాబ్‌కాక్, లీజ్ వెస్టర్లండ్, ఇంకో ఇద్దరు పరిశోధకులు 2017లో ఒక ప్రయోగం అచ్చేశారు. ముగ్గురు ముగ్గుర్ని ఒక గ్రూపు చేసి కంప్యూటర్ల ముందు కూర్చోబెడతారు. రెండు నిమిషాల్లో ఎవురో ఒకరు బటన్ నొక్కాల. నొక్కినోళ్ళకి డాలరుంపావు, ఊరికే కూర్చున్న మిగతా ఇద్దరికీ రెండేసి డాలర్లు, ఎవురూ నొక్కకపోతే అందరికీ ఒక్కో డాలరే. ఆడా మగా కలిసిన గ్రూపుల్లో ఆడోళ్ళు 48 శాతం ఎక్కువగా నొక్కారు. సరే, త్యాగం ఆడదాని రక్తంలోనే ఉంది అని ప్రెసిడెంట్ గారు కళ్ళు తుడుచుకునే లోపల ఇంకో ముక్క వినాల. అందరూ మగాళ్ళే ఉన్న గ్రూపుల్లో మగాళ్ళు కూడా బుద్ధిగా నొక్కారు, ఆడోళ్ళ గ్రూపుల్లో ఎంత నొక్కారో అంతే! నొక్కడం చేతకాక కాదు, పక్కన నొక్కే మనిషి ఉందని ధీమా.

దీనికి నెల్లూరు రుజువు కావాలంటే మా కమిటీ వాళ్ళు మగాళ్ళే మైపాడు బీచికి పోయిన రోజు చూడాల్సింది. ఇంట్లో గ్లాసు ఎక్కడుంటదో తెలియని ట్రెజరర్ గారు చేపలు తోమినాడు, సెక్రటరీ గారు ఉల్లిపాయలు తరిగినాడు, పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలో ప్రెసిడెంట్ గారే దగ్గరుండి చెప్పినాడు, గిన్నెలు కూడా వాళ్ళే కడుక్కున్నారు. ఫోటోలు గ్రూపులో పెట్టారు కాబట్టి ఆధారం నా ఫోన్‌లో భద్రంగా ఉండాది.

మగాళ్ళకి పనికొచ్చే ముక్క కూడా చెప్పాల, దాచిపెడితే నేనూ కమిటీలో చేరినట్టే. బలియెట్ అనే పరిశోధకుడు, ఇంకొందరు కలిసి యాభై ఏళ్ళ పరిశోధనలన్నీ కుప్పేసి 2011లో తేల్చింది ఏందంటే, సహకారంలో ఆడా మగా తేడా మొత్తం మీద సున్నా. విడగొట్టి చూస్తే ఆడా మగా కలిసిన చోట ఆడోళ్ళు ఎక్కువ సర్దుకుపోతారంట, మగాళ్ళలో మగాళ్ళు మాత్రం ఆడోళ్ళలో ఆడోళ్ళకన్నా కాస్త ఎక్కువ సహకరించుకుంటారంట. ఇది చదవంగానే ప్రెసిడెంట్ గారు ఫ్రేము కట్టించుకుంటాడు, కట్టించుకోనీండి. అది మనిషిని బట్టీ, ఎదురుగా ఎవురున్నారో దాన్ని బట్టీ మారే యవ్వారం, కొప్పుకీ క్రాఫుకీ పుట్టుకతో వచ్చే రోగం కాదు.

అయినా ఈ సామెత ఇంకెక్కడన్నా చెప్పుకోండి, నెల్లూరు జిల్లాలో మాత్రం చెప్పమాకండి. ఇదే జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యత క్లాసులకి పోయి నాలుగక్షరాలు నేర్చుకున్న ఆడోళ్ళు 1990ల మొదట్లో సారా కొట్టు మూయించారు. రోసమ్మ లాంటి కూలి చేసుకునే మనుషులు. నెల్లూరులో సారా వేలంపాటలే జరగనియ్యలా. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్, 1995 జనవరికి సంపూర్ణ మద్యనిషేధం. అన్ని ఊర్లు, అన్ని కులాలు, ఒక్కళ్ళకి కారు లేదు, వాట్సాప్ లేదు, ఇంటికి పోతే తన్నే మొగుడు ఉండాడు, అయినా కలిసి నిలబడ్డారు. మీరు అయిదుగురు కలిసి ఒక మోటారు బాగు చేయించలేకపోయారు గదయ్యా! అంత పోరాడి తెచ్చుకున్న నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, ఖజానా ఖాళీ అన్నారు. ఆడోళ్ళ కాపురాలు దేంతో నిండాయో ఎవురూ లెక్కేయలా. సిగ్గుండాల సామెతలు చెప్పడానికి.

ఆ ఆడోళ్ళే రోజుకి రూపాయి చొప్పున దాచి పొదుపులక్ష్మి గ్రూపులు పెట్టుకున్నారు. తర్వాత డ్వాక్రా అయింది. ఇప్పుడు గ్రూపుకి లోను వచ్చిన రోజు మొగుడు గారు ఇంట్లో సంతకాలు పెట్టించేసి బండికో బోరుకో తీసుకుపోతాడు, అది ఇంటి డబ్బు. కిస్తీ కట్టాల్సిన రోజు మాత్రం అది ఆడోళ్ళ గ్రూపు, వాళ్ళ గొడవల్లో మగోళ్ళు తలదూర్చకూడదు.