షోకేసులోని పింగాణీ కప్పులకు ఒక విన్నపం

మహారాజశ్రీ షోకేసులో వేంచేసి ఉన్న పింగాణీ కప్పుల వారి సముఖానికి, ఈ ఇంటి కూతురు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. వంటగది గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, తాళం వేసిన అద్దాల వెనుక తమరు కూడా క్షేమంగానే ఉన్నారని ప్రతి ఆదివారం దుమ్ము తుడిచేటప్పుడు గమనిస్తూనే ఉన్నాను.

1993లో అమ్మ పెళ్లి చదివింపుల్లో తమరు ఆరుగురు ఈ ఇంటికి వచ్చారు. ఇప్పుడు ఐదుగురున్నారు. ఆరో వారు కాఫీ మోస్తూ కాలం చేయలేదు. సంక్రాంతికి బూజులు దులిపే హడావిడిలో, వార్తాపత్రిక పరిచిన స్టూలు మీది నుంచి జారిపోయారు. వాడితే పగులుతుందని దాచినది దాచిన చోటనే పగలడం మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు. నిజానికి తమరు కంటికి కనిపించేంత సుకుమారులు కూడా కారు. పద్దెనిమిదో శతాబ్ది చివర ఇంగ్లండులోని స్టోక్‌లో జోసయా స్పోడ్ అనే పింగాణీ తయారీదారు కుదిర్చిన పాళ్ల ప్రకారం, బోన్ చైనా అనే తమ జాతి పింగాణీలో దాదాపు సగం ఎముకల బూడిదే ఉంటుంది. అంత పలచని అంచుకు అంత గట్టిదనం ఆ బూడిద వల్లనే వస్తుంది. (మా బామ్మ బతికి ఉండగా ఈ సంగతి బయటపడి ఉంటే తమకు షోకేసు కాదు, పెరటి అరుగు కూడా దక్కేది కాదు.)

తమ సేవా భాగ్యం ఎవరెవరికి కలిగింది? పెళ్లిచూపుల వారికి, నాన్నగారి ఆఫీసు పెద్దలకు, ఒకసారి ఇల్లు పొరబడి లోపలికి వచ్చిన బీమా ఏజెంటుకు. అమ్మకు మాత్రం అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు. అందరికీ ఇచ్చాక మిగిలిన కాఫీని, అది చల్లారాక, గట్టు దగ్గర నిలబడి తాగుతుంది. పెనానికి అంటుకుని చిరిగిన మొదటి అట్టు ఆమెది, అడుగంటిన అన్నం ఆమెది. కొత్త దుప్పటి ట్రంకు పెట్టెలో కలరా ఉండల నడుమ హాయిగా నిద్రపోతుంటే, ఆమె పోగులు లేచిన పాత దుప్పటి కప్పుకుంటుంది. గత పుట్టినరోజుకు నేను కొనిచ్చిన సుగంధపు కొవ్వొత్తి కవరైనా విప్పకుండా తమ పక్కనే కొలువుదీరిన విషయం తమకు తెలిసినదే. ఇదంతా ‘అతిథి దేవో భవ’ అన్న మాట మీది గౌరవమని చాలాకాలం అనుకున్నాను. తీరా తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి తెరిచి చూస్తే, ఆ వరుసలో అతిథిది నాలుగో స్థానం, తల్లిది మొదటిది.

మనిషి తన మనసు తనకే స్పష్టంగా తెలియనప్పుడు, తన చేతలను పరాయివాడిలా గమనించి, దానిని బట్టి తన అభిప్రాయమేమిటో ఊహించుకుంటాడని 1972లో డారిల్ బెమ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వివరించారు. ఆ లెక్కన ముప్పై ఏళ్లుగా రోజుకు రెండుసార్లు సొట్ట గ్లాసునే అందుకున్న చెయ్యి అమ్మకు ఆమెను గురించి ఏమని చెబుతూ వచ్చిందో తమరే ఆలోచించండి. ఆత్మగౌరవాన్ని కొలవడానికి మోరిస్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1965లో ప్రకటించిన పది వాక్యాల కొలమానంలో, తాను కనీసం ఇతరులతో సమానంగా విలువ గల మనిషినన్న భావన గురించి ఒక వాక్యం ఉంది. అదే అమ్మను అడిగాను. “నాకేం తక్కువే?” అంటూనే చిరిగిన అట్టును తన కంచంలోకి లాక్కుంది.

నిన్న ఉదయం తాళం తీసి తమలో ఇద్దరిని బయటికి ఆహ్వానించాను. సాసరు చప్పుడు వినగానే అమ్మ “ఎవరొచ్చారే?” అంటూ కొంగు సర్దుకుని హాల్లోకి వచ్చింది. కుర్చీ జరిపి కూర్చోమని, పొగలు కక్కుతున్న కాఫీ చేతికిచ్చాను. మొదట వీధి గుమ్మం వైపు చూసింది, తరువాత నా వైపు అనుమానంగా చూసింది, పెళ్లి సంబంధమేదైనా కుదుర్చుకుని వచ్చానేమోనని కూడా అడిగింది. తాగడం పూర్తయ్యాక కప్పులను తానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తమను యథాస్థానంలో ప్రతిష్ఠించడానికి తాళంచెవి కోసం ఇల్లంతా వెతికింది.

తాళంచెవి నా దగ్గర ఉంది. అందువల్ల తమలో ఆ ఇద్దరూ ప్రస్తుతం వంటగట్టు మీద, సొట్ట గ్లాసు పక్కన, బోర్లించి ఉన్నారు. లోపల మిగిలిన ముగ్గురూ కంగారుపడవద్దని మనవి.

చిత్తగించవలెను.