ఉబ్బిన బ్యాటరీకి సూది గుచ్చకండి, ఆ మెసేజ్ తప్పు

మా చుట్టాల గ్రూపులో ఈ మెసేజ్ రావడం ఇది మూడోసారి. "ల్యాప్‌టాప్ బ్యాటరీ పదేళ్లు రావాలంటే చార్జింగ్ సున్నా అయ్యాకే ప్లగ్ పెట్టండి, నూరు కాగానే పీకేయండి, లేకపోతే పేలుతుంది. పిన్ను పడితే ఏ చార్జరైనా పర్లేదు. బ్యాటరీ ఉబ్బితే సూదితో గాలి తీసేయండి." ఆ చివరి ముక్క చదివాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

ముందు సున్నా సంగతి. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలను పూర్తిగా దించి చార్జ్ చేయమనేవాళ్లు, అప్పటికి అది సరే. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ రకమే ఇవాళ మన ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది, దీనికి ఆ అవసరం లేదు. పైగా ప్రతిసారీ సున్నాకి దించితే తొందరగా అరుగుతుంది, అలా దించేసి నెలల తరబడి బీరువాలో పడేస్తే మళ్లీ చార్జ్ ఎక్కకపోవచ్చు కూడా. 20, 30 శాతం ఉండగానే ప్లగ్ పెట్టేయండి.

నూరు దాటితే పేలుతుందన్నది కూడా తప్పే, ఎందుకంటే బ్యాటరీ నిండగానే లోపలి సర్క్యూటే చార్జింగ్ ఆపేస్తుంది. కాకపోతే ఎప్పుడూ నూరులోనే, అదీ వేడిలో ఉంటే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది. రోజంతా ప్లగ్ పెట్టే పని చేసేవాళ్లు 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉందేమో చూసుకోండి, చాలా కంపెనీలు ఇస్తున్నాయి. మే నెల ఎండల్లో ల్యాప్‌టాప్ పరుపు మీద, అడాప్టర్ దిండు కింద పెట్టుకుని పనిచేస్తాం చూడండి, భయపడాల్సింది దానికి. మెసేజ్‌లో వేడి గురించి ఒక్క ముక్క లేదు!

ఇక చార్జర్. పిన్ను పట్టిందంటే సైజు సరిపోయింది, అంతే. గుండ్రటి పిన్ను చార్జర్ మీద లేబుల్ చదవండి: 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు ఉంటే అది 65 వాట్లది. వోల్టులు మీ ల్యాప్‌టాప్ అడిగినంతే ఉండాలి, ప్లస్ మైనస్ గుర్తు కలవాలి, ఆంపియర్లు మాత్రం తగ్గకూడదు కానీ ఎక్కువైనా ఇబ్బంది లేదు, తనకి కావలసినంతే అది తీసుకుంటుంది. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తుతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందా చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోండి. ఇంకో మాట, మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడకండి, మెటల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమనడానికి చాలాసార్లు ఎర్తింగ్ లేకపోవడమే కారణం.

ఇప్పుడు సూది. ఉబ్బిన బ్యాటరీలో ఉండేది మామూలు గాలి కాదు, లోపలి రసాయనాలు చెడి పుట్టిన వాయువు, మండే గుణం ఉన్నది. సూది గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయి, క్షణాల్లో మంట లేవచ్చు. నా ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోతే అదే పాడైందనుకుని వారం రోజులు గట్టిగా నొక్కుతూ కూర్చున్నాను, తీరా వెనక మూత విప్పితే కింద బ్యాటరీ అప్పడంలా ఉబ్బి ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా వెంటనే ఆపేసి, చార్జర్ తీసేసి, నొక్కకుండా సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, పాత సామాన్ల బండికీ ఇవ్వకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే, కాబట్టి సర్వీస్ సెంటర్‌లోనే అడిగి అప్పజెప్పండి.