గెలవని ఎంట్రీలను కూడా దాచే పురస్కారం

1940ల మొదట్లో అమెరికాలో రేడియో కార్యక్రమాన్ని పోటీకి పంపడం చిన్న పని కాదు. టేపులు ఇంకా రాలేదు. 16 అంగుళాల డిస్కు మీద రికార్డు చేసి పంపాలి. ఒక వైపుకు పావుగంట పడుతుంది, అంటే అరగంట నాటకానికి రెండు వైపులూ నిండిపోతాయి. యుద్ధం రోజుల్లో ఆ డిస్కులకు వాడే అల్యూమినియం విమానాలకు వెళ్లిపోవడంతో గాజు మీద చేసేవాళ్లు. చెయ్యి జారితే కార్యక్రమమే పోయినట్టు.

మంచి ప్రసార కార్యక్రమాలకు అమెరికాలో ఇచ్చే పీబాడీ పురస్కారాలకు అలా వచ్చినవాటిని, వాటిని నిర్వహించే జార్జియా విశ్వవిద్యాలయం పారెయ్యలేదు. 1941లో రేడియోకు మొదలై, 1948 నుంచి టీవీనీ కలుపుకున్న ఈ పురస్కారాల ఎంట్రీలు ఇవాళ అక్కడి ఆర్కైవ్‌లో 90 వేలకు పైగా ఉన్నాయి. గెలిచినవే కాదు, పోటీకి వచ్చినవి దాదాపు అన్నీ. నా దృష్టిలో ఈ పురస్కారం గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

న్యాయనిర్ణేతలందరూ ఒప్పుకుంటేనే బహుమతి అనే ఏకగ్రీవ నియమాన్ని చాలామంది మెచ్చుకుంటారు. మంచిదే. కానీ ఎంత గొప్ప జ్యూరీ అయినా తన కాలం చెవులతోనే వింటుంది. ఆ ఏడాది ఎవరికీ పట్టని ఒక పల్లె స్టేషన్ ఇంటర్వ్యూ యాభై ఏళ్ల తర్వాత చరిత్రకారుడికి బంగారం కావచ్చు. మొదటి ఏడాదే పెద్ద, మధ్యతరహా, చిన్న స్టేషన్లకు విడివిడిగా బహుమతులిచ్చారు. మిస్సోరీలోని కొలంబియా అనే చిన్న పట్టణపు స్టేషన్ కేఎఫ్ఆర్‌యూ పేరు దేశమంతా ప్రసారం చేసే సీబీఎస్ నెట్‌వర్క్ పక్కన నిలిచింది. చిన్న స్టేషన్లకు సొంతంగా దాచుకునే స్తోమత ఎక్కడుంటుంది? చాలా కార్యక్రమాలకు ఆ పోటీ కాపీయే మిగిలింది.

టేపులు వచ్చాక ఇంకో కష్టం మొదలైంది. అవి ఖరీదు. పాతది చెరిపి కొత్తది ఎక్కించేవాళ్లు. బీబీసీ లాంటి సంస్థ కూడా ఎన్నో కార్యక్రమాలను అలాగే పోగొట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ ధర్మసందేహాలు మొదలయ్యేసరికి మా నాన్నమ్మ పొయ్యి కట్టేసి రేడియో ముందు పీట వేసుకునేది. మధ్యలో ఎవరు పిలిచినా పలికేది కాదు. ఉషశ్రీ గొంతు ఇవాళ ఫోన్‌లో వింటున్నాం, అది మన అదృష్టం. ఒక్కసారి ప్రసారమై గాలిలో కలిసిపోయిన నాటకాలు, రూపకాలు ఎన్నో లెక్క తేలదు.

మనకూ జాతీయ స్థాయిలో ఆకాశవాణి వార్షిక పురస్కారాలున్నాయి. అందులో జాతీయ సమైక్యత కార్యక్రమానికిచ్చే బహుమతికి లస్సా కౌల్ పేరు పెట్టారు. ఆయన శ్రీనగర్ దూరదర్శన్ డైరెక్టర్. 1990 ఫిబ్రవరి 13న ఉగ్రవాదులు కాల్చి చంపారు. ప్రసారం కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరు అది. ఆ పేరుతో బహుమతి పొందిన ప్రతి కార్యక్రమాన్నీ, దానితో పోటీపడి ఓడినవాటినీ ఏ ఊళ్లోని విద్యార్థి అయినా ఏడాదివారీగా వెతుక్కుని వినగలగాలి. ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతికి ఆర్కైవ్స్ విభాగం ఎలాగూ ఉంది. ఎంట్రీ ఫారంలోనే ఒక షరతు చేర్చాలి: వచ్చిన ప్రతి కాపీ శాశ్వతంగా భద్రపరచాలి, ఫలితాలు వచ్చిన రోజే అందరికీ వినిపించాలి. వేదిక మీద జ్ఞాపిక అందించే ముందు ఆ కార్యక్రమంలోంచి కనీసం అయిదు నిమిషాలు హాల్లో వాళ్లకు వినిపిస్తే, సభ కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు.