పక్కటెముకల దాకా ఎక్కిన పరువు

కైట్ ల్యాండ్‌బోర్డింగ్ అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే చక్రాల బోర్డు మీద నిలబడి నేలమీద దూసుకుపోయే ఆట. ఆ లాగుడును ఒంటి మీద మోయడానికి కట్టుకునే పట్టీల కట్టే హార్నెస్. ఈ ఆట మైదానంలో గాలి లేని రోజు ఉండవచ్చు కానీ, హార్నెస్ పండితుడు లేని రోజు ఉండదు. కొత్తగా చేరినవాడెవరో బెరుకుగా "ఏ హార్నెస్ అయితే ఒంటికి హాయిగా ఉంటుందండీ?" అని అడుగుతాడు. పండితుడు అతని నడుము కొలత అడగడు. బరువు అడగడు. గాలిపటాన్ని ఎక్కువసేపు నెత్తిమీద నిలుపుతావా, కిందికి దించి పరుగు తీస్తావా అని అడగడు. కళ్లు సగం మూసి తీర్పు వెలువరిస్తాడు: "నడుము హార్నెస్ తీసుకో. సీటు హార్నెస్ నేర్చుకునేవాళ్లకీ, ముసలివాళ్లకీ."

ఈ తీర్పుకు అప్పీలు లేదు. సీటు హార్నెస్ కట్టి తొడల చుట్టూ పట్టీలు ఉన్నవాడి వయసుకూ ప్రావీణ్యానికీ ఒకేసారి గ్రహణం పడుతుందన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. నలుగురిలో తలెత్తుకు తిరగాలనుకునే మనిషెవడూ ఆ మాట విన్నాక సీటు హార్నెస్ వైపు కన్నెత్తి చూడడు.

ఆ పండితుణ్ణి మాత్రం మీరు కాస్త దగ్గరగా చూడండి. ఆయన నడుము హార్నెస్ నడుము మీద లేదు. బయలుదేరినప్పుడు ఉండేది, కాదనను. గాలిపటం నెత్తిమీదికి రాగానే అది పొట్ట దాటింది, పక్కటెముకలు ఎక్కింది, ఇప్పుడు చంకల కింద స్థిరనివాసం ఏర్పరచుకుంది. చొక్కా కూడా దాని వెంటే వెళ్లిపోవడంతో బొడ్డు ప్రపంచాన్ని చూస్తోంది. మాటకూ మాటకూ మధ్య ఆయన రెండు అరచేతులూ హార్నెస్ పై అంచు మీద పెట్టి కిందికి నొక్కుతాడు. అది దిగినట్టే దిగి, ఆయన ఊపిరి పీల్చుకోగానే మళ్లీ ఎక్కుతుంది. "అసలు హాయి అంటే..." నొక్కు. "స్వేచ్ఛ అంటే..." నొక్కు. "ఇదేనయ్యా." రెండు నొక్కులు.

ఇందులో హార్నెస్ తప్పేమీ లేదు. గాలిపటం నడినెత్తిన ఉన్నంతసేపూ లాగుడు నిట్టనిలువుగా పైకి ఉంటుంది. నడుము హార్నెస్‌ను కింద ఆపగలిగేది ఒక్కటే: పక్కటెముకల కన్నా నడుము సన్నగా ఉండటం. ఆ సన్నదనం కొందరికి ప్రకృతి ఇవ్వలేదు, కొందరికి ఇచ్చి తిరిగి తీసుకుంది. సీటు హార్నెస్‌కు ఈ బెంగ లేదు. తొడపట్టీలు దాన్ని కదలనివ్వవు. గాలిపటాన్ని తగిలించే కొక్కెం కూడా కిందికి, శరీర గురుత్వ కేంద్రానికి దగ్గరగా వస్తుంది కాబట్టి లాగుడు వీపు మీద కాక తుంటి మీద పడుతుంది. గాలిపటాన్ని ఎక్కువగా నెత్తిమీదే నిలుపుకొనే కొత్తవాళ్లకూ, నడుం నొప్పి ఉన్నవాళ్లకూ, పొట్టా ఛాతీ ఒకే కొలతలో ఉన్న సుఖజీవులకూ ఇంతకన్నా ఏం కావాలి? దానికీ లోపాలున్నాయి. మోకాళ్లు బాగా వంచినప్పుడు పట్టీలు గజ్జల్లో కోస్తాయి. గాలిలో గిరగిరా తిరిగే విన్యాసాలకు అది అడ్డం. అవి చేసేవాళ్లు నిక్షేపంగా నడుముదే కట్టుకోవచ్చు. మన పండితుడు గాలిలో గిరగిరా తిరగడం మాత్రం ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

ఇక దుకాణ ప్రహసనం. కొనుగోలుదారు హార్నెస్ కట్టుకుని అద్దం ముందు నిలబడతాడు. ఎడమకు తిరుగుతాడు, కుడికి తిరుగుతాడు, చేతులు నడుముకు ఆనించి గడ్డం కాస్త పైకెత్తుతాడు. "ఎలా ఉంది సార్?" "చాలా హాయిగా ఉంది." ఉండదా మరి! దాన్ని ఎవరూ లాగడం లేదు కదా. పక్కనే నిలబడి మంచం ఎంత మెత్తగా ఉందో చెప్పినట్టు. హార్నెస్‌ను వేలాడి చూడాలి. కొక్కేనికి తాడు కట్టి, పైన గట్టి ఆధారానికి తగిలించి, ఒంటి బరువంతా దాని మీద వేసి, కనీసం కాఫీ తాగినంతసేపు ఉండాలి. ఈ కోరిక దుకాణంలో ఒక్కసారి పైకి చెప్పి చూడండి, తమాషా మొదలవుతుంది.

ముందు అమ్మేవాడు నవ్వుతాడు. మీరు నవ్వకపోయేసరికి మేనేజరును పిలుస్తాడు. మేనేజరు దూలం వంక చూస్తాడు, మీ పొట్ట వంక చూస్తాడు, మనసులో ఏదో లెక్క కడతాడు. చివరికి తాడు వస్తుంది, స్టూలు వస్తుంది, మీరు వేలాడతారు. నేల నుంచి జానెడు ఎత్తున, నిదానంగా సవ్యదిశలో తిరుగుతూ ఉంటారు. అమ్మేవాడు వృత్తిధర్మం వదలడు. మీతోపాటే చుట్టూ తిరుగుతూ, ఈ పెంకులో కార్బన్ ఎంతుందో, వీపు దగ్గర అమర్చిన ఫోమ్ శరీరాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటుందో చెబుతాడు. మీకు అవేవీ వినిపించవు. ఎందుకంటే మీకు అసలు సంగతులు అప్పుడే తెలుస్తున్నాయి. స్ప్రెడర్ బార్, అంటే హార్నెస్ ముందు భాగంలో కొక్కెం ఉండే అడ్డ కడ్డీ, మీకు వెడల్పు ఎక్కువైంది. రెండు వైపులా హార్నెస్ అంచులు బార్‌కు తగిలి ఆగిపోయాయి, ఇక పట్టీ ఎంత లాగినా బిగుసుకోదు, మొత్తం సరంజామా నడుము చుట్టూ పక్కకు జారుతోంది. బకిల్‌లోంచి పట్టీ నూలుపోగంత, నూలుపోగంత వెనక్కి పోతోంది. గట్టి పెంకు మీ వీపు వంపుకు సరిపోక కింది అంచు ఒక్కటే పొడుస్తోంది. మెత్తటి హార్నెస్ అయితే పొడవదు కానీ పక్కటెముకలను అన్ని వైపులా పిండుతుంది. ఏది భరించగలరో మీ ఎముకలే చెప్పాలి. "సార్, దిగుతారా?" "ఇంకా నొప్పి మొదలవలేదు. మొదలయ్యాక ఎక్కడో చూసుకుని దిగుతాను." "మూసే వేళైంది సార్." "మీరు మూసుకుని వెళ్లండి. నేను తిరుగుతూ ఉంటాను."

వేలాడేటప్పుడు మైదానంలో వేసుకునే బట్టలే వేసుకోండి. ఈ హార్నెస్‌లలో చాలావాటిని నీళ్ల మీద ఆడేవాళ్ల కోసం, దళసరి రబ్బరు సూట్ మీద కట్టుకుంటారన్న అంచనాతో తయారుచేస్తారు. నేలమీద మనం పల్చటి చొక్కా మీద కడతాం. రబ్బరు మీద పట్టుకున్నట్టు నూలు మీద పట్టుకోదు. కొందరు లోపల మెత్తలు కుట్టిన నిక్కరు వేస్తారు, వీపుకు రక్షణ కవచం కడతారు. ఆ కవచం కింది అంచూ హార్నెస్ వీపు పలకా ఒకే చోటు కోసం కొట్టుకుంటే, మధ్యలో నలిగేది మీ వెన్ను.

ఇంతవరకూ నొప్పి సంగతి. నొప్పి అయితే ఓర్చుకోవచ్చు, మొండివాళ్లు ఓర్చుకుంటూనే ఉన్నారు. కానీ పైకి ఎక్కిన హార్నెస్ ఒంటరిగా ఎక్కదు. కొక్కేన్ని తీసుకుని ఎక్కుతుంది. గాలిపటాన్ని కొక్కేనికి కలిపే ఉచ్చు, చికెన్ లూప్, దాంతోపాటే పోతుంది, ఆ లూప్ మీదే ఉండే క్విక్ రిలీజ్, అంటే ఆపదలో గాలిపటం లాగుడును వదిలించే మీట, కూడా పోతుంది. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో చెయ్యి అలవాటు ప్రకారం బొడ్డు దగ్గరికి వెళుతుంది. అక్కడ ఏమీ ఉండదు. అది ఛాతీ మీదో, ఎడమ చంక దగ్గరో ఉంటుంది. హార్నెస్ హాయిగా ఉండటం అంటే కొక్కెం పెట్టినచోట ఉండటం. చెయ్యి వెతకకుండా దాన్ని అందుకోవడం. ఇది మానేసి ఫోము, కార్బన్ అంటూ గంటలకొద్దీ వాదించుకుంటారు.

ఇక టేప్ మహాశయులు. రిలీజ్ ఊరికే ఊడిపోయి విసిగిస్తోందట, ఆటలో హాయి చెడుతోందట, అందుకని దానికి టేప్ చుట్టేస్తారు. కాళ్లకు అడ్డం పడుతోందని, రిలీజ్ తెరిచాక గాలిపటాన్ని పట్టి ఉంచే భద్రతా తాడు విప్పి సంచిలో పడేస్తారు. ఇంకొందరు కొండలెక్కే హార్నెస్‌కు గట్టి ఇనుప క్లిప్పు తగిలించుకుని, ఇది ఎప్పటికీ తెగదని ఛాతీ విరుచుకుంటారు. తెగకపోవడమే కదయ్యా నీ చావు! గాలి వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. నీళ్లలో పడ్డవాణ్ణి నీళ్లు కొంతైనా కాచుకుంటాయి. నేలమీద రాళ్లున్నాయి, కంచెలున్నాయి, మైదానం చివర రోడ్డు ఉంది. బోర్డు నీ కాళ్ల నుంచి ఊడిపోయినా గాలిపటం నీ నడుమును వదలదు. ఆ రిలీజ్ ఒంటి చేత్తో తెరుచుకోవడానికి తయారీదారులు ఏళ్ల తరబడి తల పట్టుకున్నారు. అది ఎలా పనిచేయాలో, ఎలా పరీక్షించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌ఓ 21853, 2020లో వచ్చింది. దాని మీద నువ్వు చుట్టావు, కాగితాలు అంటించే టేప్. ఊరికే ఊడిపోతోందంటే అందులో ఇసుక చేరింది, లేదా అరిగిపోయింది. కడుగు. కడిగినా కుదరకపోతే మార్చు. ఇంతకన్నా నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. ఆ చుట్టినవాడే కొత్తగా వచ్చిన పిల్లవాడి హార్నెస్‌కు కూడా చుట్టి, భుజం తట్టి, "ఇప్పుడు చూడు ఎంత హాయిగా ఉంటుందో" అని పంపిస్తాడు. నీ మెడ విరగ్గొట్టుకునే హక్కు నీకు ఉందనుకుందాం. ఆ పిల్లవాడి మెడ ఎవరిచ్చారు నీకు?

కొత్తవాళ్లకు ఒక పని చెబుతాను. గాలిపటం విప్పకముందే, గాలిపటాన్ని నడిపే చేతి బార్‌ను దాని చికెన్ లూప్‌తో కొక్కేనికి తగిలించి, మీ స్నేహితుణ్ణి ఎదురుగా నిలబడి బలంగా లాగమనండి. గ్లౌజులు వేసుకుని ఆడేవారైతే అవి వేసుకుని, కళ్లు మూసుకుని, ఒక్క చేత్తో రిలీజ్ తెరవండి. స్నేహితుడు వెల్లకిలా పడతాడు. అతను లేచి దులుపుకున్నాక మళ్లీ అమర్చి, రెండో చేత్తో తెరవండి. మూడోసారి లాగడానికి అతను ఒప్పుకోకపోతే పండితుణ్ణి పిలవండి. ఆయన ఎలాగూ అక్కడే ఉంటాడు, నొక్కుకుంటూ.