సిద్ధాంతం లేదనడం ఒప్పుకోను
ఇప్పటి తీవ్ర మితవాద (ఫార్ రైట్) కుర్రాళ్లకు సిద్ధాంతమంటూ ఏమీ లేదని, ఫోన్‌లో చూసి రెచ్చిపోతున్నారని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. సగమే నిజం. 2011లో నార్వేలో 77 మందిని చంపినవాడి రాతలు ఇంటర్నెట్‌లో మిగిలాయి. 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది ప్రాణాలు తీసినవాడు, తనకు స్ఫూర్తి ఆ నార్వేవాడేనని రాసుకున్నాడు. వలస వచ్చినవాళ్లు మనల్ని మింగేస్తారన్న భయం ఇద్దరిదీ ఒకటే. అది సిద్ధాంతం కాకపోతే మరేమిటి? కావలిలో ఉండే మా పిన్ని కొడుకు జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఎమ్మెస్ చేశాడు. 2018 ఆగస్టులో అక్కడ వలసవచ్చినవాళ్లకు వ్యతిరేకంగా గొడవలైనప్పుడు నాలుగు రోజులు గది దాటలేదు, ఇక్కడ పిన్నికి ఒకటే టెన్షన్. ఊరేగింపుల్లో గుండు కొట్టించుకున్న నియో-నాజీ కుర్రాళ్లు సరే, వాళ్ల పక్కనే తాతల వయసువాళ్లు కూడా నడిచారని వాడు చెప్పాడు, నాకు అదే గుర్తుండిపోయింది. 2000 నుంచి 2007 దాకా పదిమందిని చంపిన ఎన్‌ఎస్‌యూ అనే జర్మన్ నియో-నాజీ ముఠా పోలీసులకు దొరక్కుండా మొదట తలదాచుకుంది కూడా ఆ ఊళ్లోనే. వాళ్లకు ఇళ్లు చూసిపెట్టినవాళ్లు, డబ్బు సర్దినవాళ్లు ఉన్నారు. అలా సాయం చేసినవాళ్ల పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసులో ఉండొచ్చు. వ్యాసంలో అలాంటి కుటుంబాల గురించి ఒక్క ముక్కా లేదు.