సీఈ అంటే చైనా ఎక్స్‌పోర్ట్ కాదు, ఆ వాచ్ డబ్బా రీల్‌లో మిగతావీ నిజం కాదు

స్మార్ట్‌వాచ్ డబ్బాల మీద ఒక రీల్ తిరుగుతోంది కదా, మా బావమరిది ఒక్కడే నాకు మూడుసార్లు పంపాడు. చైనా నుంచి 200 వాచ్‌లు తెప్పించి కొన్ని ఇక్కడ, కొన్ని జర్మనీలో ఉన్న ఫ్రెండ్ ద్వారా అక్కడ అమ్మాలని వాడి ప్లాను. రీల్ చెప్పేదేంటంటే డబ్బా మీద ఒరిజినల్ సీఈ (యూరప్ రూల్స్ పాటించామని వేసే గుర్తు), ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియో పరికరాలని చూసే సంస్థ) లోగో, చెత్తబుట్ట గుర్తు ఉంటే ఏ దేశంలోనైనా అమ్ముకోవచ్చంట, సీఈ అక్షరాలు దగ్గరదగ్గరగా ఉంటే అది చైనా ఎక్స్‌పోర్టంట, బ్యాటరీ చిన్నది కాబట్టి దానికి రూల్సే లేవంట. నా ఉద్యోగమే ఈ డబ్బాల ఆర్ట్‌వర్క్ చెక్ చేయడం, ఎలా ఊరుకోను?

చైనా ఎక్స్‌పోర్ట్ అనే గుర్తే లేదండి. 2007 చివర్లో యూరోపియన్ పార్లమెంటులో ఇదే ప్రశ్న వస్తే, అలాంటి మార్క్ ఉన్నట్టు తమకు తెలియదని, అది కొలతలు తప్పిన సీఈయేనని కమిషన్ జవాబిచ్చింది. అసలు గుర్తులో C అక్షరాన్ని పూర్తి సున్నాలా చుడితే దాని అంచు E దాకా వచ్చి ఆనుతుంది, E అక్షరం నడిమి గీత కాస్త పొట్టిగా ఉంటుంది. చాలాసార్లు జరిగేది ఏంటంటే డిజైనర్ ఏదో ఫాంట్‌లో రెండక్షరాలు టైప్ చేసి వదిలేస్తాడు, అవి అతుక్కుపోయి కనిపిస్తాయి, అంతే.

పోనీ కొలతలు కరెక్టుగా ఉంటే నమ్మొచ్చా అంటే అదీ లేదు. సీఈ ఏ ప్రభుత్వమూ టెస్ట్ చేసి ఇచ్చే ముద్ర కాదు, బ్లూటూత్ వాచ్ లాంటివాటికి యూరప్ ఒప్పుకున్న స్టాండర్డ్స్ పూర్తిగా పాటిస్తే కంపెనీయే డిక్లరేషన్ మీద సంతకం పెట్టి తనే వేసుకుంటుంది. అందుకే లోగో చూసి మురిసిపోకుండా ఆ డిక్లరేషన్, టెస్ట్ రిపోర్టులు అడగాలి. 2025 ఆగస్టు 1 నుంచి ఇందులో సైబర్ సెక్యూరిటీ కూడా చేరింది, ఒంటికి పెట్టుకునే గాడ్జెట్ల పేరు అందులో ప్రత్యేకంగానే ఉంది.

ఇక "ఏ దేశంలోనైనా" అన్న మాట. మన దగ్గర సీఈకి చట్టపరంగా విలువ లేదు. స్మార్ట్‌వాచ్‌లు 2017లోనే బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ లిస్టులోకి వచ్చాయి, ఆ రిజిస్ట్రేషన్ కూడా తయారైన ఫ్యాక్టరీ పేరు మీద ఉంటుంది, బ్రాండ్ మారిస్తే సరిపోదు. బ్లూటూత్‌కి డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలని చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) ఆమోదం వేరే. డబ్బా మీద ఎంఆర్‌పీ, ఇంపోర్టర్ పేరు అడ్రస్, ఏ దేశంలో తయారైంది, తయారైన నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ ఇవన్నీ ఉండాలి. వాడు తెచ్చిన శాంపిల్ డబ్బా తిప్పి చూస్తే సీఈ నాలుగు చోట్ల ఉంది, ఇవేవీ లేవు.

ఎఫ్‌సీసీ లోగో 2017 నుంచి ఐచ్ఛికం. బ్లూటూత్ వాచ్‌కి కావాల్సింది ఎఫ్‌సీసీ ఐడీ నంబర్.

అడ్డంగా కొట్టేసిన చెత్తబుట్ట గుర్తుని రీల్‌లో "రీసైకిల్ చేసిన డబ్బా" అన్నారు, నవ్వొచ్చింది. దానర్థం ఈ వస్తువుని మామూలు చెత్తలో వేయొద్దు అని, డబ్బాకి దానికి సంబంధం లేదు. డబ్బా సంగతి వేరే గొడవ, ఇటలీలో 2023 జనవరి నుంచి అట్టకి పీఏపీ 21 లాంటి, ఏ రకం అట్టో చెప్పే కోడ్ వేయాలి, ఫ్రాన్స్‌లో ట్రైమాన్ అనే రీసైక్లింగ్ గుర్తు, జర్మనీలో అమ్మేముందే లూసిడ్ అనే ప్యాకింగ్ రిజిస్టర్‌లో చేరాలి. బావమరిది ఫ్రెండ్ ఉండేది జర్మనీలోనే కదా, పాపం ఆయనకి ఇది చెప్పనేలేదు.

బ్యాటరీ చిన్నదే, ఒప్పుకుంటా. 300 ఎంఏహెచ్‌ని 3.8 వోల్టులతో లెక్కేస్తే 1.14 వాట్ అవర్, విమానంలో ఒక సెల్‌కి గీసిన 20 వాట్ అవర్ల గీత ఎక్కడ, ఇది ఎక్కడ. కానీ ఆ గీత కింద ఉంటే రూల్స్ తగ్గుతాయి, పోవు. సెల్ ఎంత చిన్నదైనా యూఎన్ 38.3 అనే రవాణా భద్రత టెస్ట్ పాసవ్వాలి, దాని సారాంశం అడిగితే తయారీదారు ఇవ్వాలి. ఒక ప్యాకెట్‌లో నాలుగు సెల్స్ దాటితే, అంటే ఐదు వాచ్‌లు పెట్టినా, ఎర్ర గీతల అంచుతో యూఎన్ 3481 (లోపల లిథియం అయాన్ బ్యాటరీ ఉన్న వస్తువులకిచ్చిన నంబర్) అని ఉన్న లేబుల్ కార్టన్ మీద అంటించాల్సిందే.

ఆ సారాంశం పంపమని మావాడు సప్లయర్‌కి మెయిల్ పెట్టాడు. మర్నాడు ఒక జేపీజీ వచ్చింది, తెరిచి చూస్తే సీఈ లోగో.