భాష నేర్పి బాండు రాయించుకుంటారా?

ఉద్యోగులు నిలవడం లేదని బెంగపడుతున్న కంపెనీలకు ఇప్పుడు భాషా శిక్షణ మీద దృష్టి పడింది. ఉద్యోగ ప్రకటనల్లో ఆరోగ్య బీమా పక్కన, సెలవుల పక్కన ‘ఉచితంగా భాష నేర్పిస్తాం’ అన్న లైను చేరుతోంది. ఆలోచన మంచిదే, మేము సమర్థిస్తున్నాం కూడా. మాకు కోపం తెప్పిస్తున్నది ఆ ప్రకటన వెనకాల సంతకం పెట్టించుకుంటున్న కాగితం. ఫలానా గడువులోపు ఉద్యోగం మానేస్తే శిక్షణ ఖర్చంతా తిరిగి కట్టాలని అందులో ఉంటోంది. ప్రకటనలో ఉచితం, ఒప్పందంలో అప్పు. రెండూ ఒకే యాజమాన్యం రాసినవే.

అసలు ఈ శిక్షణ ఎక్కువగా ఎవరికి ఇస్తున్నారు? వేరే దేశం నుంచో, వేరే భాషా ప్రాంతం నుంచో వచ్చి ఆస్పత్రి వార్డుల్లో, గోదాముల్లో, హోటళ్లలో, నిర్మాణ పనుల్లో చేరినవాళ్లకు. డ్యూటీ మారేటప్పుడు చెప్పే వివరాలు నర్సుకు అర్థం కాకపోతే ప్రాణం మీదికి వచ్చేది రోగికి. యంత్రం మీద రాసిన హెచ్చరిక ఒకరు చదవలేకపోతే ప్రమాదం చుట్టూ ఉన్నవాళ్లందరికీ. విదేశాల్లో చదివిన నర్సుకు జర్మనీలో గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి (ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుండే యూరప్ భాషా కొలమానంలో నాలుగో మెట్టు) జర్మన్ వచ్చినట్టు చూపించాలి. ఆ భాష వచ్చేదాకా అక్కడి ఆస్పత్రికి పూర్తి స్థాయి నర్సు దొరికినట్టు కాదు. అంటే భాష ఆ పనిలో భాగం, అవసరం యజమానిది. సైటులో హెల్మెట్ ఇచ్చి, మానేసి వెళ్లేవాడి దగ్గర ఇన్నాళ్లు వాడుకున్నందుకు డబ్బు కట్టమని ఎవరైనా అడుగుతారా? భాష విషయంలో మాత్రం నిస్సంకోచంగా అడుగుతున్నారు.

డబ్బు పెట్టి నేర్పిస్తే రేపు పోటీ కంపెనీకి వెళ్లిపోతారన్నది యాజమాన్యాల వాదన. ఎక్కడికి వెళ్లినా పనికొచ్చే నైపుణ్యానికి యజమాని ఖర్చు పెట్టడానికి వెనకాడతాడని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960లలోనే చెప్పారు. సరే, భయం నిజమే అనుకుందాం. అలాంటప్పుడు ‘మానేస్తే కట్టాలి’ అని ప్రకటనలోనే పెద్ద అక్షరాలతో వేయాలి కదా. వేయరు. వేస్తే చేరేవాళ్లు తగ్గుతారని వాళ్లకు తెలుసు.

గంటల లెక్క చూస్తే మోసం ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లీషులో సున్నా నుంచి బి1 స్థాయికి రావడానికి టీచరు సాయంతో 350 నుంచి 400 గంటలు, బి2కు 500 నుంచి 600 గంటలు పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. వారానికి రెండు గంటల క్లాసు పెడితే ఏడాదికి వంద గంటలు. ఆ లెక్కన బి1కే మూడున్నర నుంచి నాలుగేళ్లు కావాలి. రెండేళ్ల బాండు మీద సంతకం పెట్టిన ఉద్యోగికి బాండు గడువు తీరేసరికి భాష సగమే వస్తుంది. భాష సీరియస్‌గా కావాలనుకున్నవాళ్లు ఏం చేస్తారో అమెరికా విదేశాంగ శాఖను చూస్తే తెలుస్తుంది. జపనీస్, అరబిక్ లాంటి కష్టమైన భాషలకు తన దౌత్యవేత్తలకు అది 88 వారాలు, దాదాపు 2,200 క్లాసు గంటలు కేటాయిస్తుంది. అన్నాళ్లూ వాళ్లకు జీతం వస్తుంది, చదువే వాళ్ల డ్యూటీ. ఇక్కడేమో పది గంటల షిఫ్టు చేసి అలసిపోయిన మనిషి ఫోన్‌లో ఒక యాప్ పెట్టి, ఇంటికెళ్లి నేర్చుకోమంటున్నారు. ఆ యాప్ ఖర్చుకు కూడా బాండే.

జపాన్ కంపెనీ రకుటెన్ అనుభవమైనా చూడాల్సింది. రెండేళ్లలో కంపెనీ అంతా ఇంగ్లీషులోకి మారాలని 2010లో దాని అధినేత హిరోషి మికితాని ప్రకటించారు. చదువు బాధ్యత మొదట్లో ఉద్యోగుల మీదే వదిలేశారు, పరీక్ష స్కోరును ప్రమోషన్‌కు ముడిపెట్టారు. సిబ్బందిలో టెన్షన్ పెరిగింది, చాలామంది వెనకబడ్డారు. చివరికి కంపెనీయే ఉచిత క్లాసులు పెట్టాల్సి వచ్చింది.

చట్టాలు కూడా నెమ్మదిగా ఇటే కదులుతున్నాయి. యజమాని చేయమన్న వృత్తి శిక్షణ మామూలు పని వేళలు దాటాక, వేరే చోట జరిగినా సరే, దాన్ని పని గంటల్లోనే లెక్కించాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2021 అక్టోబరు 28న తీర్పు ఇచ్చింది. 2026 జనవరి 1 నుంచి కుదిరే ఒప్పందాల్లో, ఉద్యోగం మానేస్తే డబ్బు కట్టాలన్న షరతులను కొన్ని మినహాయింపులతో కాలిఫోర్నియా నిషేధించింది. చట్టం మాట్లాడని చోట్లే మా ఆందోళన. భాషకు బాండు చెల్లిందంటే రేపు సేఫ్టీ శిక్షణకూ రాయించుకుంటారు, ఎల్లుండి చేరిన మొదటి వారం ఇచ్చే ఓరియెంటేషన్‌కూ రాయించుకుంటారు. పని నేర్పించడం ఎప్పుడూ యజమాని ఖర్చే. దాన్ని కార్మికుడి అప్పుగా మార్చడానికి భాషను దారిగా వాడుకుంటున్నారు, పైగా దానికి ‘బెనిఫిట్’ అని పేరు.

భాష వచ్చిన మనిషి ఎందుకు నిలుస్తాడో యాజమాన్యాలు ఒకసారి ఆలోచించాలి. పే స్లిప్‌లో కోత ఎందుకు పడిందో తనే చదువుకోగలడు. సూపర్‌వైజర్‌తో మధ్యవర్తి లేకుండా మాట్లాడగలడు. తనకు వచ్చిన పనికి తగ్గ హోదా అడగగలడు. అడిగినప్పుడు ఇస్తే ఉంటాడు. ఇవ్వకపోతే, నేర్చుకున్న భాషతోనే ఇంకో చోట ఉద్యోగం వెతుక్కుంటాడు, అందులో తప్పేమీ లేదు. బాండుకు భయపడి కూర్చున్నవాళ్లను లెక్కేసి ‘మా దగ్గర సిబ్బంది నిలుస్తున్నారు’ అని నివేదికల్లో రాసుకోవడం సిగ్గుచేటు.

కాబట్టి యాజమాన్యాలారా, క్లాసును డ్యూటీ టైములో పెట్టండి. ఒక స్థాయి పూర్తయితే జీతం పెంచండి. బాండు కాగితం చించేయండి. అంత మనసు లేకపోతే ప్రకటనలో ‘ఉచితం’ అన్న మాట ఈరోజే తీసేయండి.